మా ఇంటి వాసన

మా ఇంటికి ఒక వాసన ఉందని ఎనిమిదేండ్లు వచ్చేదాక నాకు తెల్వదు. బడికి పోయినంకనే తెలిసింది.

మాది గొల్లపల్లి దగ్గరి ఒక పల్లె. అప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. 1996లో నేను మూడో తరగతి. సోమవారం ప్రార్థన కాంగనే సారు వరుసల నడుమ నడుచుకుంట వచ్చేటోడు. రెండు చేతులు ముంగటికి చాపాలె. గోళ్లు చూస్తడు, పండ్లు చూస్తడు, చెవుల ఎనుక చూస్తడు. చేతిల ఎదురు బద్ద. దాని అంచుతోటి వేళ్ల మీద ఒక్కటేస్తే కండ్లల్ల నీళ్లు తిరిగేవి. పటేండ్ల పిల్లల కాడికి వచ్చేసరికి సారు నడక జోరందుకునేది. మా వాడ పిల్లల కాడ ఆగేటోడు. ఆ సోమవారం నా గోళ్లు శుభ్రంగ ఉన్నయి. అవ్వ ముందు రోజే బ్లేడుతోటి తీసింది. గౌను ఉతికిందే. నెత్తికి నూనె ఉంది. సారు తిప్పి తిప్పి చూసిండు. కొట్టడానికి ఏం దొరకలె. దొరకక ముక్కు ముడిచి, 'మీ ఇంట్ల లంద ఉన్నది గదా. వాసనొస్తున్నవ్. ఎనుకకు పోయి కూసో' అన్నడు.

పోయి కూసున్న. ఆ దినమంత నా మోచెయ్యి, నా గౌను, నా జడ కొస వాసన చూసుకున్న. నాకేం రాలె. ఇంటికి పోయి అవ్వ కొంగు పట్టుకొని వాసన చూసిన. పొయ్యి పొగ, చింతపులుసు. 'ఏందే, కుక్కపిల్ల లెక్క వాసన చూస్తున్నవ్' అని అవ్వ నవ్వింది. నేను చెప్పలె. ఇప్పటిదాక అవ్వకు చెప్పలె.

ఇంకొక సంగతి. ఎనుక కూసోబెట్టిన ఆ సారే, బడి ఊడ్చెటప్పుడు మాత్రం మా పేర్లే పిలిచేటోడు. తరగతి గది, వరండా, సారు కుర్చీ కింద, అన్నీ మేమే. మురికోళ్లు ఊడిస్తే గది మురికి కాదా అని అడిగే తెలివి ఎనిమిదేండ్ల పిల్లకు ఎక్కడిది?

లంద అంటే ఈ కాలం పిల్లలకు తెల్వదు గనుక కొంచెం చెప్తా. ఊర్ల ఎద్దో బర్రో చస్తే మా తాతకు కబురొచ్చేది. మోసుకపోయి తోలు తీయాలె. తోలును సున్నపు నీళ్లల్ల నానేస్తే వెంట్రుక వదులైతది. దాన్ని గీకి, కడిగి, దంచిన తంగేడు చెక్క నీళ్లల్ల వెయ్యాలె. ఆఖరుకు తోలును సంచి లెక్క కుట్టి, ఏలాడదీసి, అండ్ల మళ్ల తంగేడు చెక్క, నీళ్లు పొయ్యాలె. ఆ వగరు తోలుకు పట్టాలె. ఒకటి రెండు రోజుల పని కాదు, వారాల పని. మొదట్ల వాసన ఘోరంగ ఉంటది, నేను కాదనను. పని అయిపోయేనాటికి తంగేడు వాసనే మిగులుతది. ఎండల్ల రెండు దినాలు వదిలేస్తే పురుగు పట్టి కుళ్లేదాన్ని ఏండ్లకేండ్లు కుళ్లకుంట చేసే విద్య అది. ఆ తోలుతోటే మోటకు తొండం, ఎడ్లకు వార్లు, డప్పు, చెప్పు. కరెంటు మోటార్లు రాకముందు ఊరి పొలాలకు నీళ్లు పారింది మా తాత కుట్టిన తొండాలతోటి. చచ్చిన గొడ్డును మా వాళ్లు మోసుకపోకుంటే ఊరు ముక్కు మూసుకొని ఎన్ని దినాలు బతికేది? కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' పుస్తకంల తోలు పనిని, చాకలి పనిని, మంగలి పనిని విద్యలుగ రాసిండు. నేను చదివిన ఏ పాఠ్యపుస్తకంల ఆ మాట లేదు. ఇప్పుడు నేను సోషల్ చెప్తున్న టీచర్‌ని. నా చేతిల ఉన్న పుస్తకాలల్ల గూడ నాకది కండ్లవడలె.

ఆ తాత గడి ముంగటి నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేతపట్టుకోవాలె. ఆ చెప్పులు ఆయన కుట్టుకున్నవే. లోపల దొర కాళ్లకున్న కిర్రు చెప్పులు గూడ ఆయన కుట్టినవే. చెప్పు కుట్టినోని కాళ్లకు దుమ్ము. ఆ దుమ్ము చూసి 'వీళ్లకు శుభ్రం తెల్వదు' అనే మాట.

నీళ్ల సంగతి బాపమ్మ చెప్పేది. చేదబాయి ఊరి నడుమ ఉండేది. మా వాళ్లు గిరక ముట్టొద్దు. ఖాళీ బిందె పెట్టుకొని, దూరంగ, ఎవరన్న పోస్తరా అని ఎదురుచూడాలె. ఏ కాపు ఆడామెకో బుద్ధి పుడితే ఎత్తి నుంచి పోసేది. సగం బిందెల పడేవి, సగం మట్టిల పడేవి. 'పొద్దుగాల పోతే పొద్దెక్కెటాళ్లకు రెండు బిందెలు. తాగాల్నా, వండాల్నా, పిల్లల ముడ్డి కడగాల్నా? ఇంగ తానాలు ఎక్కడియి బిడ్డా?' అనేది. తరువాత మా వాడకు వేరే బాయి తవ్విండ్రు. ఎండకాలం అండ్ల బురదే. బోరింగు వచ్చినంకనే మా అవ్వ రోజూ తానం చేసుడు మొదలైందట. అంటే మా ఇంటికి తానం వచ్చింది బుద్ధి మారినందుకు కాదు, నీళ్లు వచ్చినందుకు.

నీళ్లు ఇయ్యకపోవడం ఒకరి పని, మురికి ఇంకొకరి పేరు. ఈ లెక్క అర్థమయ్యేదానికి నాకు డిగ్రీ దాక పట్టింది.

మన భాషలోనే ఉన్నది చూడండి. శుభ్రం అనే మాట ఒకటి ఉన్నది. శుద్ధి అనేది వేరే. మడి, మైల, అంటు, ముట్టు, ఇవన్నీ శుద్ధి చుట్టాలు. మడిబట్ట సబ్బు ముఖం చూడకపోయినా మడే. మాదిగోని బట్ట చాకిరేవుల మూడుసార్లు ఉడకబెట్టినా అంటే. అసలు చాకలి మా బట్టలు ముట్టడు, మంగలి మా నెత్తి ముట్టడు. ఆ కులాలను నేను తప్పుపడతలేను, ముడితే ఊరు వాళ్లను బతకనియ్యదు. మా వాడల క్షవరం మావాళ్లే చేసుకునేది. కత్తెర పడ్డచోట పడేది, నెత్తి మెట్లు మెట్లుగ ఉండేది. ఆ మెట్లు చూసి బడిల నవ్వు.

మహద్‌లో ఏం జరిగిందో కార్యకర్తలందరికీ తెలుసు, అయినా మళ్ల చెప్తా. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితోటి పోయి చవదార్ చెరువు నీళ్లు ముట్టిండు. ఆ చెరువుల ఊరి పశువులు తాగొచ్చు. మనుషులు తాగంగనే మైలపడ్డది. దాన్ని శుద్ధి చెయ్యడానికి సవర్ణులు 108 కుండలు తెచ్చి పోసిండ్రు. కుండలల్ల పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు. ఇది నేను తొమ్మిదో తరగతికి చెప్తుంటే ఒక పిలగాడు లేచి, 'టీచర్, పేడ పోస్తే నీళ్లు ఖరాబు గావా?' అన్నడు. వాడు ఏ కులపోడో నాకు తెలుసు. చెప్పను. ప్రశ్న మాత్రం సైన్సు ప్రశ్న.

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ల రాసుకున్న 1901 నాటి ప్రయాణం నన్ను మహద్ కంటె ఎక్కువ వెంటాడింది. తండ్రిని చూడడానికి సతారా నుంచి రైలెక్కి మసూరు స్టేషన్ల దిగిండ్రు. ఈయన, అన్న, అక్క పిల్లలు. కొత్త అంగీలు, మెరిసే టోపీలు, పట్టు అంచు దోతులు. తీసుకపోవడానికి ఎవరూ రాలె. స్టేషన్ మాస్టరు వచ్చి ప్రేమగ అడిగిండు, ఎవరు బాబూ మీరు, ఎటు పోతున్నరని. వాళ్ల బట్టలు చూసి బాపనోళ్ల పిల్లలనుకున్నడు. మహార్లం అన్నడు పిలగాడు. అంతే, ఆయన మొఖం మారింది, తన గదిలకు పోయిండు. బండ్లోళ్లు ఎక్కించుకోమన్నరు. ఆఖరుకు రెండింతల కిరాయి తీసుకొని, బండి పిల్లలే తోలాలె, నేను పక్కన నడుస్తా అన్నడు ఒకడు. రాత్రంత దాహం, ఎవరూ నీళ్లు పోయలె.

అయిదు నిమిషాల కిందట ముద్దొచ్చిన అంగీనే. ఉతికిన బట్ట మైలవడడానికి మట్టి అక్కరలేదు, ఒక్క మాట చాలు. నా గోళ్లల్ల మట్టి దొరకని ఆ సోమవారం సారు లంద వాసన ఎక్కడ నుంచి తెచ్చిండో ఈ పుస్తకం చదివినంక తెలిసింది.

అట్లని శుభ్రం మాటనే వద్దందామా? మన సభలల్ల కొందరు అన్నలు మురికిని గొప్పగ చెప్తరు, చెమట వాసనే మన అత్తరు అన్నట్టు మాట్లాడుతరు. నాకది నచ్చదు. ఆ అన్నల అంగీలు ఇస్త్రీవే ఉంటయి, వాటిని ఉతికేది ఇంట్ల ఆడోళ్లు. మురికి మీద నాకు ఏ ప్రేమా లేదు, దాంట్ల బతికిన కాబట్టి.

మన పెద్దలు గూడ శుభ్రం గురించి చెప్పినోళ్లే. హైదరాబాదుల భాగ్యరెడ్డి వర్మ, అసలు పేరు మాదరి భాగయ్య, 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు, 1911లో మన్యసంఘం. కల్లు మానాలె, జోగిని ఆచారం పోవాలె, పిల్లలు శుభ్రంగ బడికి పోవాలె అని భజనలతోటి, హరికథలతోటి వాడవాడకు తిరిగిండు. బడులు పెట్టిండు. 1917లో బెజవాడల పంచమ మహాసభకు అధ్యక్షుడైతే, పంచములు కాదు మేము ఆది ఆంధ్రులం అని పేరే మార్చిండ్రు. గాంధీ గూడ 1933-34లో హరిజన యాత్ర తిరిగి తానం చేయండి, చచ్చిన గొడ్డు మాంసం మానండి అన్నడు. మహద్‌లో అంబేడ్కర్ ఆడవాళ్లను కూసోబెట్టి చీర కట్టు మార్చుకోండి, కులాన్ని పట్టిచ్చే ఆ బరువు సొమ్ములు తీసెయ్యండి అని చెప్పిండు. మూడూ ఒక్క తీరుగనే వినవడతయి. కాదు. ఒకరు మనం మారితే వాళ్లు రానిస్తరని చెప్పిండ్రు. ఇంకొకరు ఎవరు రానిచ్చినా రానియ్యకున్నా చెరువుకు పోదాం, పోయేటప్పుడు తల ఎత్తుకొని పోదాం అన్నరు. భాగ్యరెడ్డి వర్మ ఈ రెండింటి నడుమ ఎక్కడున్నడో నాకు ఇప్పటికీ తేలలె. ఆర్యసమాజం సావాసం ఒకదిక్కు లాగితే, 1931 జనాభా లెక్కలల్ల మమ్ముల ఆది హిందువులని రాయాలని కొట్లాడిన పట్టు ఇంకోదిక్కు లాగుతది.

శుభ్రమైన నీళ్లు కావాలన్నందుకు ఏమయిందో కారంచేడు చెప్తది. 1985 జూలై 16 సాయంత్రం మాదిగలు తాగే నీళ్ల చెరువుకాడ కమ్మ యువకులు బర్రెలకు కుడితి పెట్టి ఆ బకెట్లు కడుగుతుంటే, ఇవి మేము తాగే నీళ్లని కత్తి చంద్రయ్య అడ్డం చెప్పిండు. ఆయనను కొడుతుంటే నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తింది. తెల్లారి, జూలై 17న, ఆరుగురు మాదిగలను చంపిండ్రు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగినయి. అక్కడ మురికి చేసినోడెవడు, శుభ్రం అడిగినోడెవడు? నేను పుట్టకముందే జరిగిన సంగతి ఇది. ఆ తరువాత 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మందిని చంపిండ్రు. దానికి మూలం సినిమా హాలుల ఒక చదువుకున్న దళిత పిలగాని కాలు తగిలిందని. మాసిన బట్టలైతే మురికోడు. ఉతికిన బట్టలైతే పొగరుబోతు. ఈ రెండిటి నడుమ మనం కట్టుకోదగ్గ బట్ట ఏ దుకాణంల దొరుకుతదో!

మా దిక్కు కథ ఇంకొకటి ఉన్నది, అది బాపమ్మకు ఇష్టమైన కథ. 1978. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలల్ల రైతుకూలీ సంఘాలు లేచినయి. సెప్టెంబరుల జగిత్యాలల జైత్రయాత్ర అయింది, అక్టోబరుల ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగ ప్రకటించిండ్రు. పోలీసు క్యాంపుల సంగతి, చంపుడు సంగతి చానమంది రాసిండ్రు. బాపమ్మ చెప్పేది వేరే. ఆ దినాలల్ల పల్లెల్ల దొరలను సాంఘికంగ బహిష్కరించిండ్రు. చాకలి బట్టలు ఉతకడు. మంగలి గడ్డం గీయడు. నీళ్లు మోసేటోళ్లు లేరు, అంట్లు తోమేటోళ్లు లేరు, కొట్టం ఎత్తేటోళ్లు లేరు. 'పదిహేను దినాలల్ల దొర గడ్డం జూస్తే బుడబుక్కలోని లెక్క అయిండు బిడ్డా. దొరసాని చేదబాయి కాడికి వస్తే ఆమెకు చేదుడే రాదు. కొట్టంల పేండ పేరుకపోయి గడి గడంత వాసన' అని చెప్పి చెప్పి నవ్వేది. ఏ ఊరి దొరో బాపమ్మ చెప్పింది, నేను రాయను. బాపమ్మ కొంచెం మసాలా కలుపుతదని గూడ తెలుసు. కాని ఆ నవ్వుల ఉన్న చరిత్ర మాత్రం నిజం. తెల్లటి దోతి అంటే చాకలి రెక్కలు. నున్నటి గడ్డం అంటే మంగలి కత్తి. కొట్టంల వాసన లేదంటే మా వాళ్ల చేతులకు ఉన్నదని అర్థం. పదిహేను దినాలు ఆ చేతులు ఆగితే గడి గూడ లంద వాసనే కొట్టింది.

1998ల మా బాపు దుబాయి పోయిండు. మా జిల్లాల ఇంటికొకరు గల్ఫుల ఉన్నరంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. లంద అప్పటికే బందయింది, మోటలు పోయినంక తొండాలు ఎవరికి కావాలె? మూడేండ్లకు వచ్చిన బాపు పెట్టెల నుంచి ఒక సబ్బు తీసి నా చేతిల పెట్టిండు. ఎర్ర కాయితం, నడుమ బంగారు రంగు బిళ్ల. 'ఇంపీరియల్ లెదర్'. హాస్టల్ల అప్పుడే నేర్చుకున్న ఇంగ్లీషుతోటి కూడబలుక్కొని చదివిన. లెదర్ అంటే తోలు. 'బాపూ, ఇది తోలు సబ్బు' అన్న. బాపు నమ్మలె. ఇద్దరం ముక్కు కాడ పెట్టుకొని చూసినం, మల్లెపూల లెక్క ఉంది. శానేండ్లకు గాని తెలువలె, రష్యా తోలు వాసనను తలపించే అత్తరు ఒకటి ఇంగ్లండుల ఉండేదట, ఆ పరిమళం మీదనే ఈ పేరట. తోలు వాసన ఇంగ్లీషు దొర స్నానాల గదిల రాజవాసన. మా ఇంట్ల ఉంటే ఎనుక బెంచి. ఆ సబ్బును అవ్వ అరగనియ్యలె, బట్టల పెట్టెల పెట్టింది. బట్టలకు వాసనుంటదని.

హాస్టలంటే గుర్తుకొచ్చింది. సర్కారు ఆడపిల్లలకు సబ్బుకు, నూనెకు నెలనెల డబ్బులిస్తది. 2024 దాక ఏడో తరగతి లోపు పిల్లకు 55 రూపాయలు, ఆ పైన పదో తరగతి దాక 75. ఆ ఏడాదే 175కు, 275కు పెంచిండ్రు. నేను చదివిన రోజులల్ల అవి ఎన్నో, మా దాక ఎన్ని వచ్చినయో అడగకండి. ఒక్క బట్టల సబ్బును దారంతోటి నాలుగు ముక్కలు కోసి నలుగురికి ఇచ్చేటోళ్లు. అదే ఒంటికి, అదే నెత్తికి, అదే బట్టలకు. ఇంటికి పోయినప్పుడు పేన్లకు అవ్వ గ్యాస్‌నూనె రాసి, గుడ్డ కట్టి, ఎండకు కూసోబెట్టేది. నెత్తి మండిపోయేది. అమెరికా సరిహద్దుల ఎల్‌పాసో ఊరికి రోజూ పనికి వచ్చే మెక్సికో కూలోళ్లను గూడ ఇట్లనే చేసిండ్రట, ప్రేమతోటి కాదు గాని. పేన్లుంటయి, రోగాలుంటయి అని బట్టలిప్పించి గ్యాస్‌నూనె కలిపిన నీళ్లతోటి తానం. 1917 జనవరి 28న కార్మెలీటా టోర్రెస్ అనే 17 ఏండ్ల పనిపిల్ల నేను చేయనని ఎదురు తిరిగింది. వేలమంది ఆడోళ్లు వంతెన కాడ అడ్డం కూసున్నరు. అయినా ఆ తానాలు దశాబ్దాలు నడిచినయి. వాళ్ల ఇండ్లు ఊడ్చి, వాళ్ల పిల్లలకు తానాలు పోసే పిల్ల ఆమె. ఇది చదివినప్పుడు మా మేనత్త మనసుల మెదిలింది. ఆమె పంచాయతీల సఫాయి పని చేసేది. 2015 గోదావరి పుష్కరాలకు ధర్మపురిల డ్యూటీ వేసిండ్రు. లక్షలమంది మునిగి పుణ్యం మూటగట్టుకొని పోతే, వాళ్లు వదిలిన బట్టలు, పూలు, ఇస్తరాకులు, ఇంకా చెప్పరానివి ఆమె ఎత్తింది. వచ్చేటప్పుడు బస్సుల పక్కన కూసున్నామె లేచి వేరే సీటుకు పోయిందట. 'ఆమె మొకానికి ఇంకా కుంకుమ బొట్టు తడారలే' అని చెప్పింది అత్త.

2011ల బి.ఎడ్. అయింది, 2012 డీఎస్సీల సోషల్ టీచర్‌గ ఉద్యోగం వచ్చింది. మా ఇంట్ల, మా వంశంల మొదటి డిగ్రీ నాది. పట్నంల అద్దెకు ఇల్లు చూస్తుంటే ఒక ఇంటామె నా కాటన్ చీర, వాచీ, జడ చూసి గది మొత్తం తిప్పి చూపించింది. పేరడిగింది, ఇంటిపేరడిగింది, ఆఖరుకు 'మీరేమిట్లు?' అన్నది. చెప్పిన. 'అయ్యో, చూస్తే అట్ల కొడ్తలేరు' అన్నది. మర్నాడు ఫోన్ చేస్తే, మా చుట్టాలు దిగుతున్నరు అన్నది. స్టాఫ్ రూంల గూడ ఇదే మాట మెచ్చుకోలుగ వస్తది. 'మేడం మస్తు నీట్‌గ ఉంటరు.' అందరూ నీట్‌గనే ఉంటరు, నాకే ఎందుకు చెప్తరు? ఆ మెప్పు కోసం నేను చేసిన ఖర్చు రాస్తే నవ్వుతరు. పొద్దున రెండుసార్లు తానం. సంచిల సెంటు సీసా. బడి గేటు కాడ ఆగి మోచెయ్యి వాసన చూసుకునుడు. ఎనిమిదేండ్ల పిల్ల ఇంకా దిగలె.

ఆ పిల్లే ఒకరోజు బద్ద పట్టుకున్నది.

2014. ఆరో తరగతిల ఒక పిల్ల. ప్రార్థనల చేతులు చాపింది. గోళ్ల చుట్టూ గోధుమ రంగు గార, వేళ్లకు ఘాటు వాసన. 'సబ్బు పెట్టి కడుక్కోవాలని తెల్వదా? ఇంటికి పోయి కడుక్కొని రా' అన్న. అందరి ముంగట. కొట్టలె, ఆ మాటకు ఒక సంతోషం. పిల్ల పోయింది. నాలుగు దినాలు రాలె. అయిదో దినం వాళ్లింటికి పోయిన. వాకిట్ల తల్లి, బిడ్డ ఇద్దరి ఒళ్లల్ల చాటలు. తునికాకు, కత్తెర, దారం, తంబాకు. బీడీలు. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు లక్షలమంది ఆడోళ్లు బతికేది దీని మీదనే. తల్లికి దగ్గు. పిల్ల రాత్రి పది దాక చేస్తే గాని లెక్క కుదరదు. 'ఎంత తోమినా పోదు టీచరమ్మా. నిమ్మకాయతోటి గూడ రుద్దిన' అని తల్లి తన చేతులు చాపింది. సారు ముంగట మేము చాపినట్టే చాపింది. ఆ ఇల్లు మా కులం కాదు, సాలోళ్లది. ముక్కు ముడిచింది మాదిగ టీచరు. కులం ఒక్కటే అయితే ఈ వ్యాసం రాసుడు నాకు సులువయ్యేది. పిల్ల బడికి వచ్చింది, నేను తీసుకొస్తే వచ్చింది. నా ముంగట మాత్రం చేతులు ఎప్పుడూ ఎనుకకు పెట్టుకునేది.

ఆఖరు ముచ్చట 2018ది. వేరే బడి. మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీల ఇద్దరు ఆడోళ్లు, ఇద్దరూ మా వాళ్లే. వంట పనుల ఎస్సీ, ఎస్టీలకు ముందు అవకాశం ఇయ్యాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ల చెప్పింది. అప్పుడు వాళ్లకు నెలకు వెయ్యి రూపాయలు. ఊరి నుంచి కొందరు తల్లిదండ్రులు కాయితం పెట్టిండ్రు. కులం పేరు ఎక్కడా లేదు. 'వంట మనుషులు శుభ్రత పాటించుట లేదు' అని ఉన్నది. ఇదివరకు అన్నం ముట్టం అనేటోళ్లు, అంటే కేసయితది. ఇప్పుడు శుభ్రత. హెడ్‌మాస్టరు నన్ను పిలిచి, 'మేడం, మీరు లేడీ టీచరు, మీరైతే మంచిగుంటది. చూసి నాలుగు లైన్లు రాసియ్యండి' అన్నడు. నేనైతే ఎందుకు మంచిగుంటదో ఇద్దరికీ తెలుసు.

నాలుగు దినాలు తొమ్మిదింటికే వంట షెడ్డు కాడ నిలవడ్డ. బియ్యం మూడు నీళ్లల్ల కడుగుతున్నరు. నెత్తికి గుడ్డ కట్టుకున్నరు. గోళ్లు చూసిన, అవును, చూసిన. పొట్టిగ కత్తిరించి ఉన్నయి. చీరలు మసిపట్టి ఉన్నయి, కట్టెల పొయ్యి కాడ ఇంకెట్లుంటయి? షెడ్డుకు పొగ పోయే దారి లేదు. నల్లా లేదు, నీళ్లు అటువైపు ట్యాంకు నుంచి బిందెలతోటి మోస్తున్నరు. నాలుగో దినం పెద్దామె గంటె పక్కన పెట్టి నా దిక్కు చూసింది. కోపం లేదు. 'బిడ్డా, నువ్వు మనోళ్ల బిడ్డవే అని తెలుసు. ఒక్కటడుగుత, ఏమనుకోకు. ఏడాదాయె నువ్వొచ్చి. ఒక్కదినం మా చేతి అన్నం తినలె. డబ్బా తెచ్చుకుంటవ్. ఎందుకే?'

ఏం చెప్పాలె? కడుపుల మంట ఉంటదన్న. డాక్టరు కారం తగ్గించమన్నడన్న. ఆమె తలూపి మళ్ల గంటె పట్టుకున్నది.

ఆ రాత్రి రిపోర్టు రాసిన. వంట మనుషుల శుభ్రతల లోపం లేదు. షెడ్డుకు నల్లా లేదు. పొగ గొట్టం లేదు. గిన్నెలు తోమడానికి గచ్చు లేదు. చేతులకు సబ్బు వాళ్ల పైసలతోటే కొంటున్నరు. సంతకం పెట్టి తెల్లారి ఇచ్చిన. హెడ్‌మాస్టరు రెండుసార్లు చదివి, 'మేడం, మిమ్ముల అడిగింది ఇది కాదు గదా' అన్నడు. అయినా ఫైల్ల పెట్టిండు. ఆ ఏడాది నల్లా రాలె. కాయితం పెట్టినోళ్ల పిల్లలు డబ్బాలు తెచ్చుకుంటనే ఉన్నరు.

నా డబ్బా సంగతి ఆ రిపోర్టుల రాయలె. ఇక్కడ రాస్తున్న.